సముద్రస్నానము – జలపరీక్ష: ఆవడి మొదలు మెరీనా వరకు

సముద్రస్నానము ఆంధ్రులకు తరతరములుగా వచ్చుచున్న ఆచారము. కార్తిక పూర్ణిమనాడును, మాఘ పూర్ణిమనాడును తీరగ్రామములు జనసమ్మర్దముతో నిండిపోవును. చీరాల దాపున వాడరేవు, బాపట్ల దాపున సూర్యలంక, బందరు దాపున మంగినపూడి, ఉత్తరమున విశాఖపట్టణము – ఈ తీరములందు ఆ దినములలో కుటుంబములు కుటుంబములుగా వచ్చి స్నానమాడుట నేటికిని చూడవచ్చును. తమిళనాట స్థిరపడిన తెలుగువారిని కూడ సముద్రము ఇట్లే ఆకర్షించుచున్నది. ఆవడి, తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతములవారు రైలెక్కి చెన్నపట్టణము చేరుదురు. అమావాస్యలనాడు పెద్దలకు తర్పణములు విడుచువారు కొందరు. పొంగలు పండుగ మరునాళ్లలో పిల్లలను వెంటబెట్టుకొని మెరీనా ఇసుకలో ప్రొద్దుపుచ్చి వచ్చువారు మరికొందరు.

పర్వదినములందు తప్ప సముద్రమును తాకరాదని పూర్వులు నియమము పెట్టిరి. నేడు ఆ నియమము సడలినది. సెలవు దొరికిన ప్రతి ఆదివారమును పర్వదినమే యైనది. జనులు పెరిగిరి, తీరమునకు చేరు మురుగునీరును పెరిగినది. కావున పూర్వము ఎవ్వరును అడుగవలసిన పనిలేని ప్రశ్న నేడు అడుగవలసి వచ్చుచున్నది. ఈ నీరు స్నానమునకు తగినదేనా? తగినదని చెప్పువారెవరు? ఏ పరీక్ష చేసి చెప్పుదురు? ఆ సంగతి స్నానమాడువానికి ఎప్పుడు తెలియును? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకినకొలది ఒక విషయము స్పష్టమగును. తీరమునందలి నీటిని తీరముననే పరీక్షించి ఊరకుండుట చాలదు. ఆ నీటి మంచిచెడ్డలు ఎన్నో మైళ్లు లోపల, ఊళ్లలోని కాలువలయొద్దనే నిర్ణయింపబడుచున్నవి. ఆవడివంటి ఊరికి సముద్రము లేకపోయినను, సముద్రముతో సంబంధము కలదు.

కంటికి కనబడని మలినము

నీరు తేటగా ఉన్నచో శుద్ధమని, కలకబారినచో మలినమని కన్ను చెప్పును. ఈ రెండు తీర్పులును పొరపాటు కావచ్చును. అలల తాకిడికి ఇసుక లేచి కలగిన నీరు నిరపాయకరముగా ఉండవచ్చును. అద్దమువలె తేటగా ఉన్న నీటిలో ఒక్కొక్క చెంబునందు వేలకొలది రోగక్రిములు ఉండవచ్చును. మనుష్యుల మలమునుండి నీటిలో చేరు క్రిములవలన అతిసారము, సన్నిపాతజ్వరమని పిలువబడు టైఫాయిడు, కామెర్లు కలిగించు హెపటైటిస్–ఎ వంటి వ్యాధులు వచ్చును. ఇవిగాక చెవిపోటు, కండ్లకలక, చర్మముపై దద్దురులు, గొంతునొప్పి స్నానమాడిన రెండు మూడు దినములలో కనిపించుచుండును. జబ్బుపడినవారు ముందునాడు తినిన పదార్థమునే అనుమానింతురుగాని, అంతకుముందు మ్రింగిన ఉప్పునీటిగుక్కను తలపోయరు. అందుచేతనే ఈ ప్రమాదము లోకమునకు తెలియక దాగియుండును.

నీటిలోని రోగక్రిములను ఒక్కొక్కదానిని వెదకి పట్టుట మిక్కిలి కష్టము. వాని జాతులు అనేకములు. సంఖ్య ఒక దినము హెచ్చు, ఒక దినము తగ్గు. కావున శాస్త్రజ్ఞులు వేరొక ఉపాయము కనుగొనిరి. మనుష్యుల ప్రేగులలోను, పశుపక్ష్యాదుల ప్రేగులలోను ఎల్లప్పుడు కోట్లకొలదిగా నివసించు కొన్ని సూక్ష్మజీవులు కలవు. వానిలో ముఖ్యమైన ఎషెరీషియా కోలై అను దానిని 1885లో జర్మను వైద్యుడు థియొడార్ ఎషెరిక్ వర్ణించెను. ఇట్టివి నీటిలో కనిపించెనేని ఆ నీటిలో మలము కలిసినదని నిశ్చయింపవచ్చును. మలము కలిసినచోట రోగక్రిములుండుటకును అవకాశము గలదు. పొగను చూచి నిప్పును ఊహించినట్లు, వీనిని చూచి రోగకారణమును ఊహింతురు. వీనికి సూచక జీవులని పేరు. మలసంబంధమైన కోలిఫారములు ఒక తెగ. ఎంటెరోకోకై అనునవి మరియొక తెగ. ఉప్పునీటిలో కోలిఫారములు త్వరగా నశించును. ఎంటెరోకోకై ఎక్కువకాలము బ్రతుకును. అందుచేత సముద్రజలపరీక్షకు రెండవ తెగ నమ్మదగినదని నేటి శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

పరీక్ష జరుగు విధము

జలపరీక్షలో మొదటిపని నమూనా తీయుట. క్రిమిరహితము చేసిన సీసాను తీసికొని, జనులు స్నానమాడుచోటనే, నడుములోతు నీటిలో నిలిచి, పైమట్టమునకు సుమారు 30 సెంటీమీటర్ల అడుగున నీరు పట్టవలెను. ఒడ్డున ఇసుక కలగినచోట పట్టరాదు; పడవపై దూరమునకు పోయి పట్టినచో అది స్నానమాడువాని నీరు కాదు. సీసాను మంచులో ఉంచి, కొద్దిగంటలలో ప్రయోగశాలకు చేర్చవలెను. ఆలస్యమైనచో క్రిములు చచ్చుటో, పెరుగుటో జరిగి లెక్క తప్పును. ఎండ ఈ క్రిములను చంపును గనుక ఉదయము పట్టిన నీటిలోను, మిట్టమధ్యాహ్నము పట్టిన నీటిలోను సంఖ్య ఒక్కటిగా ఉండదు. నమూనా పట్టిన వేళ, ముందుదినముల వాన, సముద్రపు ఆటుపోటులు, గాలి వీచు దిక్కు వ్రాసియుంచని పరీక్షకు విలువ తక్కువ.

ప్రయోగశాలలో లెక్కించుటకు రెండు పద్ధతులు ప్రసిద్ధములు. మొదటిదానిలో నీటిని పది మిల్లీలీటర్లు, ఒక మిల్లీలీటరు, అందులో పదవవంతు చొప్పున అనేక గాజుగొట్టములలోని పోషకద్రవములో కలిపి వెచ్చగా ఉంచుదురు. క్రిములున్న గొట్టములో వాయువు పుట్టి బుడగ నిలుచును. మలసంబంధమైనవానిని వేరుచేయుటకు 44.5 డిగ్రీల వేడిమిలో మరల పరీక్షింతురు. ఎన్ని గొట్టములలో బుడగ నిలిచెనో చూచి, గణితపట్టికనుబట్టి 100 మిల్లీలీటర్ల నీటిలో ఎన్ని క్రిములుండుటకు ఎక్కువ అవకాశమో చెప్పుదురు. రెండవ పద్ధతిలో మిక్కిలి సన్నని రంధ్రములుగల పొరగుండ నీటిని వడియగట్టి, ఆ పొరను పోషకపదార్థముపై పరచుదురు. ఒక్కొక్క క్రిమి పెరిగి ఒక్కొక్క చుక్కగా కనబడును, చుక్కలను లెక్కింతురు. ఏ పద్ధతియైనను ఫలితము తేలుటకు ఒకటి రెండు దినములు, ఒక్కొక్కప్పుడు మూడు నాలుగు దినములు పట్టును. ఈ కాలవిలంబమే జలపరీక్షకు పెద్ద చిక్కు. దానిని గూర్చి ముందు వివరింపబడును.

మన దేశమున కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సముద్రతీరజలములను అయిదు తరగతులుగా విభజించినది. స్నానమునకు, జలక్రీడలకు ఉద్దేశింపబడినది రెండవ తరగతి. ఈ తరగతి నీటిలో 100 మిల్లీలీటర్లకు మలసంబంధమైన కోలిఫారములు 100కు మించరాదు. నీటిలో కరగిన ప్రాణవాయువు లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గరాదు. జీవరసాయనిక ప్రాణవాయు అవసరము, అనగా మలినమును హరించుటకు సూక్ష్మజీవులు ఖర్చుచేయు ప్రాణవాయువు, లీటరుకు 3 మిల్లీగ్రాములకు మించరాదు. దీనినే వ్యవహారములో బి.ఓ.డి. అందురు. నీటికి చెడువాసన, అసహ్యమైన రంగు ఉండరాదు.

ప్రమాణము ఏర్పడిన చరిత్ర

ఈ సంఖ్యలు ఒక్కనాట ఏర్పడినవి కావు. 1959లో ఇంగ్లాండు దేశపు వైద్యపరిశోధన మండలి ఒక నివేదిక ప్రకటించెను. కంటికి అసహ్యము పుట్టునంత మలినమున్నచోట తప్ప, మురుగు కలిసిన సముద్రములో స్నానమాడుటవలన వ్యాధిభయము ఎన్నదగినది కాదని దాని సారాంశము. ఆ నివేదిక ఘోరవ్యాధులనే దృష్టిలో ఉంచుకొనెనుగాని, అతిసారము వంటి సామాన్యరోగములను స్నానమాడినవారిలోను ఆడనివారిలోను పోల్చి లెక్కింపలేదు. 1970 దశాబ్దములో అమెరికాలో విక్టర్ కబెల్లి యను శాస్త్రజ్ఞుడు న్యూయార్కు తీరములందు ఆ పని చేసెను. తల తడిపినవారిని, తడపనివారిని కొన్ని దినముల తరువాత విచారించి, ఎంటెరోకోకై సంఖ్య హెచ్చినకొలది కడుపుజబ్బులు హెచ్చుచున్నవని చూపెను. ఆ తరువాత ఇంగ్లాండులోనే డేవిడ్ కే మొదలగువారు నాలుగు తీరములందు స్వచ్ఛందముగా వచ్చినవారిని చీట్లువేసి రెండు జట్లుగా విభజించి, ఒక జట్టును సముద్రములో దింపి పరీక్షించిరి. 1994లో వారి ఫలితము వెలువడెను. 100 మిల్లీలీటర్లకు ఈ తెగ క్రిములు 32 దాటినపుడే కడుపుజబ్బు హెచ్చుట మొదలగునని తేలెను. ముప్పదియైదు సంవత్సరములలో పాత అభిప్రాయము ఈ విధముగా తారుమారయ్యెను.

ఈ ఆధారములతో ప్రపంచ ఆరోగ్యసంస్థ 2003లో నాలుగు తరగతులు నిర్ణయించినది. నూరు నమూనాలు తీసినచో తొంబదియైదింట ఎంటెరోకోకై సంఖ్య 40కి లోబడియున్న తీరమున, నూరుసార్లు స్నానమాడినచో ఒక్కసారికూడ కడుపుజబ్బు రాదని అంచనా. 41 నుండి 200 వరకు ఉన్నచో నూటికి ఒకటి మొదలు అయిదు. 201 నుండి 500 వరకు అయిదు మొదలు పది. 500 దాటినచో పదికి పైన. పసిపిల్లలకు ఈ లెక్కకంటె ఎక్కువ భయమున్నదని గ్రహింపవలెను. వారు నీటిలో ఎక్కువసేపు ఆడుదురు. పెద్దలకంటె ఎక్కువ నీరు మ్రింగుదురు. వారి దేహమునకు నిరోధశక్తి ఇంకను కుదురుకొనియుండదు. తీరపు తడియిసుకలో సహితము ఈ క్రిములు నిలువ చేరును గనుక, ఇసుకగూళ్లు కట్టి ఆ చేతులతోనే తినుబండారములు తినుటయు ప్రమాదకరమే.

ఆవడినుండి మెరీనాకు నీటిదారి

ఇక మన ప్రాంతపు సంగతి విచారింతము. మెరీనా ఉత్తరపు కొసయందు, నేపియర్ వంతెనకు దిగువ, కూవం నది సముద్రములో కలియును. ఈ నది తిరువళ్లూరు జిల్లాలోనిదే. కేశవరం ఆనకట్టయొద్ద కొసస్థలయారునుండి చీలిన పాయయు, కూవం గ్రామపు చెరువు మిగులునీరును దీనికి మూలము. దాదాపు 70 కిలోమీటర్లు ప్రవహించి, తిరువేర్కాడు మీదుగా నగరములో ప్రవేశించును. ఆవడి ప్రాంతపు నీటిలో ఒక భాగము, పరుత్తిపట్టు చెరువు మిగులునీరుతో సహా, ఈ నదిలోనికే పోవును.

కూవం ఎల్లప్పుడు మురుగుకాలువ కాదు. పదునెనిమిదవ శతాబ్దమున చెన్నపట్టణపు దాతలలో ప్రసిద్ధుడైన పచ్చయప్ప మొదలియారు ఈ నదిలో స్నానముచేసి కోమలీశ్వరుని దర్శించుచుండెడివాడని చెప్పుదురు. నగరము పెరిగినది, చెరువులు పూడినవి, నదికి మంచినీరు తగ్గి మురుగు హెచ్చినది. 2022లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశమునందలి కలుషిత నదీభాగముల పట్టిక ప్రకటించెను. అందు దేశమంతటిలో మిక్కిలి చెడినదిగా లెక్కకు వచ్చినది కూవం నదిలో ఆవడి మొదలు సత్యానగర్ వరకు గల భాగమే. అచ్చట బి.ఓ.డి. లీటరుకు 345 మిల్లీగ్రాములు. స్నానయోగ్యమైన నీటికి మితి 3 మిల్లీగ్రాములు. ఇది దానికి 115 రెట్లు. శుద్ధిచేయని ఇంటి మురుగుకు సాధారణముగా ఉండు బి.ఓ.డి. 200 మొదలు 350 వరకు. అనగా ఆ భాగమున నదిలో ప్రవహించుచుండినది మురుగు కలిసిన నీరు కాదు, దాదాపు మురుగే.

ఇంత మురుగు చేరినను సముద్రము విశాలమైనది గదా, అందులో కలిసిపోదా యని కొందరందురు. లెక్క చూతము. శుద్ధిచేయని మురుగులో 100 మిల్లీలీటర్లకు మలసంబంధమైన కోలిఫారములు పది లక్షలు మొదలు కోటి వరకు ఉండును. వానిని 100కు తగ్గింపవలెనన్నచో ఒక చెంబెడు మురుగునకు పదివేల చెంబులు మొదలు లక్ష చెంబుల వరకు శుద్ధజలము కలియవలెను. ఆ కలయికయు వెంటనే జరుగదు. నదినీరు ఉప్పునీటికంటె తేలిక గనుక పైననే తేలుచు, ఒడ్డును అంటిపెట్టుకొని చాలదూరము పోవును. జనులు స్నానమాడునది ఆ ఒడ్డుననే.

ఈ నీరు ఎటు పోవునో ఋతువునుబట్టి యుండును. సంవత్సరములో ఎక్కువభాగము ఈ తీరమున ఒరవడి దక్షిణమునుండి ఉత్తరమునకు సాగును. చెన్నపట్టణపు రేవుగోడలకు దక్షిణమున ఇసుక మేటవేసి మెరీనా అంత విశాలమగుటయు, ఉత్తరమున రాయపురపు తీరము కోతపడుటయు ఈ ఒరవడివలననే. కాని ఈశాన్య ఋతుపవనకాలమున ఒరవడి తిరుగబడి దక్షిణమునకు సాగును. వేసవిలో నదీముఖమున ఇసుకమేట అడ్డుపడి మురుగు లోపలనే నిలిచియుండును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియు వానలకు నది పొంగి ఆ మేటను త్రెంచుకొని, నిలిచిన మాలిన్యమునంతను ఒక్కపెట్టున సముద్రములోనికి నెట్టును. ఆ కాలముననే ఒరవడి దానిని మెరీనావైపు త్రిప్పగలదు. వాన వెలిసి, చలిగాలి హాయిగొలుపు ఆ దినములందే జనులు తీరమునకు ఎక్కువగా వచ్చుట విచారింపదగిన విషయము. మెరీనాలో అలల ఉధృతివలన ప్రాణనష్టము కలుగుచున్నందున అచ్చట స్నానము నిషేధింపబడినది. అయినను నీటిలో దిగువారు దిగుచునేయున్నారు. పిల్లలు అలలలో ఆడుచునేయున్నారు. కావున జలపరీక్ష అవసరము తీరలేదు.

తిరుత్తణివారి నీటిదారి వేరు. చిత్తూరుసీమనుండి పళ్లిపట్టు మీదుగా వచ్చు కొసస్థలయారు, కుశస్థలియని మనవారు పిలుచు నగరి యేటిని కలుపుకొని, 1944లో నిర్మింపబడిన పూండి జలాశయము చేరును; అచ్చటినుండి ఎన్నూరు కయ్యలో కలియును. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రమునకు మారినది. ఎల్లలు మారినవిగాని నీటివాలు మారలేదు. ఎగువ తెలుగుపల్లెల వాననీరు నేటికిని ఎన్నూరుకే పోవుచున్నది. ఎన్నూరు తీరమున మలినముతోపాటు మరియొక బాధ కలదు. 2017 జనవరి 28న ఆ రేవుదాపున రెండు ఓడలు ఢీకొని నూనె తీరమంతట పరచుకొనెను. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదలలో ఎన్నూరు కయ్యలోనికి నూనె వ్యాపించి జాలరుల పడవలు, వలలు పాడయ్యెను. సూచక జీవుల లెక్క ఇట్టి నూనెను గూర్చిగాని, కర్మాగారముల రసాయనములను గూర్చిగాని ఏమియు చెప్పజాలదు. ఒక తీరమునకు ఏ పరీక్ష కావలెనో ఆ తీరమునకు నీరు పంపు ప్రాంతమును చూచి నిర్ణయింపవలెను.

ఫలితము ఎప్పుడు తెలియవలెను?

సోమవారము పట్టిన నీటి సంగతి బుధవారమునగాని తెలియదు. ఆదివారము స్నానమాడి ఇల్లుచేరినవానికి అది వైద్యుని మాటవలె ఉపయోగించునుగాని, కాపలావాని కేకవలె ఉపయోగింపదు. ఈ లోపమును తీర్చుటకు ఇతరదేశములవారు రెండు మార్గములు అవలంబించిరి.

మొదటిది వానను గురుతుగా గ్రహించుట. 1995లో అమెరికాలోని శాంటా మోనికా అఖాతమున జరిగిన పరిశోధనలో వాననీటికాలువల ముఖములయొద్ద ఈదినవారికి, నాలుగువందల గజముల దూరమున ఈదినవారికంటె జబ్బులు హెచ్చుగా వచ్చినట్లు తేలెను. హాంగ్‌కాంగ్ ప్రభుత్వము ఎషెరీషియా కోలై సంఖ్యనుబట్టి తీరములకు తరగతులు నిర్ణయించి వారమువారము ప్రకటించుచున్నది. 24కు లోబడినచో మంచిది. 180 వరకు ఫరవాలేదు. 610 వరకు చెడ్డది. దానికి మించినచో మిక్కిలి చెడ్డది. ఇదిగాక, గట్టివాన కురిసిన తరువాత మూడుదినములు ఈదవద్దని హెచ్చరించును. వానను చూచుటకు ప్రయోగశాల అక్కరలేదు.

రెండవ మార్గము మూలమునే సరిదిద్దుట. పారిసు నగరమున సేన్ నదిలో స్నానము 1923లో నిషేధింపబడెను. 2024 ఒలింపిక్ క్రీడలకై నదిని శుద్ధిచేయ బూని, వాననీరు మురుగుతో కలిసి నదిలోనికి పొంగకుండ 50,000 ఘనమీటర్లు పట్టు భూగర్భతొట్టి నిర్మించిరి. ఎగువనున్న ఇండ్ల మురుగును, పడవలలోని మురుగును కాలువలకు కలిపిరి. అంత చేసినను వానలవలన జూలై 30న జరుగవలసిన ఈత పోటీ మరునాటికి వాయిదాపడినది. కాని పని వృథా కాలేదు. 2025 జూలైలో నూరేండ్ల తరువాత ప్రజలకు మూడు స్నానఘట్టములు తెరువబడినవి. నీరు బాగుగా లేని దినమున ఎఱ్ఱజెండా ఎత్తి వానిని మూయుదురు. పరీక్ష, ప్రకటన, మూలసంస్కరణ – ఈ మూడును జతపడినపుడే ఫలము కలుగునని సేన్ నది చెప్పుచున్నది.

మన తీరములందు జరుగుచున్న ప్రయత్నములు

మన దేశమున ప్రయత్నము లేకపోలేదు. చెన్నపట్టణమున నెలకొన్న జాతీయ తీరపరిశోధన కేంద్రము తీరజలములను పరిశీలించుచున్నది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ విశాఖపట్టణము, కొచ్చి తీరములయొద్ద నీటి గుణములను ఎడతెగక కొలుచు తేలుయంత్రములను నిలిపినది. 2020లో మన దేశపు ఎనిమిది తీరములకు డెన్మార్కులోని సంస్థవారు నీలిజెండా గుర్తింపునిచ్చిరి. వానిలో విశాఖదాపున ఋషికొండ ఒకటి. 2021లో చెన్నపట్టణమునకు దక్షిణమున కోవళమునకును ఆ గుర్తింపు లభించెను. ఈ గుర్తింపునకు ముప్పదిమూడు నియమములు కలవు. నియతకాలమున నీటిని పరీక్షించుట, ఆ ఫలితమును తీరమున బోర్డుపై అందరికి కనబడునట్లు వ్రాయుట, మురుగుకాలువ ఆ భాగమున కలియకుండ చూచుట వానిలో ముఖ్యములు. గుర్తింపు శాశ్వతము కాదు. ఏటేట పరీక్షకు నిలిచి తిరిగి సంపాదింపవలెను. విశాఖపట్టణమున ఋషికొండ, రామకృష్ణా బీచి ఒక్క సముద్రముపైననే యున్నను, నగరపు కాలువలు వచ్చి చేరు భాగమునకును చేరని భాగమునకును భేదమున్నది. సముద్రము ఒక్కటే, దానికి మనము పంపునది వేరు.

కూవమునకై 2015 తరువాత పునరుద్ధరణపనులు సాగినవి. పరుత్తిపట్టు చెరువును బాగుచేసి చుట్టును నడకబాట వేసిరి. ఆవడిలో భూగర్భ మురుగుకాలువల నిర్మాణము జరిగినది. ఇట్టి పనుల ఫలము నదిలో కనబడుచున్నదా లేదా యని చెప్పగలది పరీక్షయే. అందుచేత మెరీనాలో పట్టిన నమూనాతోపాటు తిరువేర్కాడులోను, నేపియర్ వంతెనయొద్దను అదే దినమున నమూనాలు పట్టి, మూడు సంఖ్యలను ఒక్కచోట ప్రకటించుట అవసరము. అప్పుడు తీరమునకు చేరిన మలినము ఎచ్చట కలిసినదో ప్రజలకు తెలియును. ఏ కాలువను బాగుచేయవలెనో అధికారులకు తెలియును. తీరమున ఒక్కచోటనే లెక్కించుట జ్వరమును కొలుచుటవంటిది. ఎగువ కాలువలను కూడ లెక్కించుట వ్యాధినిదానము.

ప్రజల కర్తవ్యము

స్నానమాడువారు పాటింపదగిన నియమములు కొన్ని కలవు. గట్టివాన కురిసిన మూడుదినములలోపల సముద్రస్నానము మానవలెను. నదీముఖమునకు, కాలువముఖమునకు కనీసము నూరు మీటర్ల దూరమున ఉండవలెను. దేహముపై మానని పుండున్నవారు, గర్భిణులు, పసిపిల్లలు మురుగు చేరు తీరమున నీటిలో దిగరాదు. ఆచమనము చేయువారు ఇంటినుండి తెచ్చుకొనిన మంచినీటితో చేసి, సముద్రజలమును శిరస్సున చల్లుకొనినచో ఆచారమునకు లోటురాదు. స్నానానంతరము కొళాయినీటితో దేహము కడుగుకొని, సబ్బుతో చేతులు తోముకొని భుజింపవలెను. విరేచనములతో బాధపడువారు నీటిలో దిగకుండుట ఇతరులకు చేయు ఉపకారము.

ఇంటివద్ద చేయవలసినది ఇంతకంటె ముఖ్యము. భూగర్భకాలువ వచ్చిన వీథిలో ఇంటి మురుగును దానికే కలుపవలెనుగాని వాననీటికాలువలోనికి వదలరాదు. సెప్టిక్ టాంకులు ఖాళీచేయించువారు ఆ మలినము ఎచ్చటికి పోవుచున్నదో విచారింపవలెను. దానిని శుద్ధికేంద్రమునకు చేర్పక చీకటివేళ కాలువలలో క్రుమ్మరించు దురాచారము నగరశివారులందు కలదు. అట్లు క్రుమ్మరించిన ఒక్క లారీ మలినమునకు ఎన్ని వేల లారీల శుద్ధజలము కలియవలెనో పైలెక్కవలన ఊహింపవచ్చును. తెలుగు సంఘములు, పాఠశాలలు తమ వార్డు కాలువ ఏ చెరువులో, ఆ చెరువు ఏ నదిలో కలియునో పటము గీయించి పిల్లలకు బోధించినచో అది భూగోళపాఠమును, ఆరోగ్యపాఠమును అగును. తీరమున పెట్టు హెచ్చరిక బోర్డులను తమిళముతోపాటు తెలుగులోను వ్రాయవలెనని అధికారులను కోరుటయు సంఘములకు తగిన పని. పండుగదినములందు తెలుగు మాత్రమే చదువగల వృద్ధులు ఎందరో తీరమునకు వచ్చుచున్నారు.

ఆవడిలో ఒక గృహిణి పెరటికాలువలో పోసిన నీరు కూవముగుండ మెరీనా చేరును. పండుగనాడు ఆమె బిడ్డ ఆ మెరీనాలోనే అలలతో ఆడును. ఈ రెండింటి నడుమనున్న దూరము మైళ్లలో కొంచెమే; మన ఎఱుకలో మాత్రము మిక్కిలి ఎక్కువ. ఆ ఎఱుకను కలిగించుటయే జలపరీక్షకు ప్రయోజనము. నీటిని లెక్కించి, ఆ లెక్కను నలుగురికి తెలిపి, దానినిబట్టి కాలువను బాగుచేసికొనిన ఊరివారికే సముద్రస్నానము పుణ్యముతోపాటు ఆరోగ్యమును ఇయ్యగలదు.